గేమ్ చందా డబ్బు ఎప్పుడు ఆదాయం అవుతుంది? అపోహలు - వాస్తవాలు

గేమింగ్ కంపెనీల లెక్కలు చూసే పనిలో నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న: "డబ్బు బ్యాంకులో పడింది కదా, ఇంకా ఆదాయం కాదంటారేంటి?"

అపోహ: చందా కట్టించుకున్న రోజే అంతా ఆదాయం.

వాస్తవం: కాదు. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 ప్రకారం సేవ అందించిన మేరకే ఆదాయం. ఏడాది చందా 1,200 అనుకుందాం. ఆటగాడు అక్టోబర్ 16న కట్టాడు, కంపెనీ లెక్కల పుస్తకాలు డిసెంబర్ 31న మూస్తారు. అప్పటికి ఆడనిచ్చింది 77 రోజులు. 365 రోజుల్లో 77 రోజుల వాటా దాదాపు 253. మిగతా 947 కాంట్రాక్ట్ లయబిలిటీ, అంటే ఆటగాడికి మనం ఇంకా బాకీ ఉన్న సేవ. ఒక ఫైల్లో అక్టోబర్‌ను నిండు నెలగా పట్టి 300 రాసేశారు. ఒక్క చందాలో 47 తేడా చిన్నదే, లక్ష చందాల్లో చిన్నది కాదు.

అపోహ: రీఫండ్ లేదని షరతుల్లో రాశాం, కాబట్టి డబ్బు మనదే.

వాస్తవం: డబ్బు మనదే, ఆదాయం మాత్రం ఇంకా కాదు. సర్వర్లు నడపాల్సిన బాధ్యత అలాగే ఉంది కదా.

అపోహ: గేమ్‌లో నాణేలు కొన్నారంటే అమ్మకం పూర్తయినట్టే.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. నాణేలు కొనడం ముందస్తు చెల్లింపు లాంటిది. వాటితో ఒక్కసారి వాడితే అయిపోయే మందు కొంటే, వాడినప్పుడు ఆదాయం. ఎప్పటికీ ఉండే కత్తో, వేషమో కొంటే, ఆటగాడు సగటున ఎన్నాళ్లు ఆడతాడని అంచనా వేసి ఆ కాలమంతా పంచాలి. ఆ అంచనా ఊరికే రాసేది కాదు. పాత ఆటగాళ్ల లాగిన్ వివరాలు తీసి, ఎవరు ఎప్పుడు మానేశారో చూసి చెప్పాలి. ఆడిటర్లు గట్టిగా పట్టుకునేది దీన్నే, పట్టుకోవాలి కూడా. ఖర్చు చేయకుండా వదిలేసే నాణేల సంగతి వేరు. ఎంత శాతం మిగిలిపోతుందో నమ్మకంగా చెప్పగలిగితే, మిగతా నాణేలు ఖర్చయ్యే కొద్దీ ఆ వాటానూ ఆదాయంలోకి తీసుకోవచ్చు.

అపోహ: యాప్ స్టోర్ కమిషన్ పోగా చేతికొచ్చిందే అమ్మకం.

వాస్తవం: ఆటగాడికి సేవపై బాధ్యత ఎవరిది, ధర ఎవరు పెట్టారు అన్నది చూడాలి. రెండూ మన చేతిలో ఉంటే సాధారణంగా మొత్తం ధరే ఆదాయం, కమిషన్ ఖర్చు.

అపోహ: బుకింగ్స్ (ఆ కాలంలో అమ్మిన మొత్తం), ఆదాయం ఒకటే.

వాస్తవం: కాదు. అమ్మింది ఇప్పుడే అయినా ఆదాయం మెల్లగా వస్తుంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి గేమింగ్ కంపెనీలు నెట్ బుకింగ్స్‌ను విడిగా చూపించేది ఈ తేడా వల్లే.

చివరగా, ఆటో రెన్యువల్ ఆపేస్తే లెక్క అక్కడితో ఆగదు. కట్టిన గడువు వరకు ఆడనిస్తున్నంత కాలం ఆదాయం రోజువారీగానే సాగుతుంది.