పక్షవాతం: మెదడు తనంతట తానే బాగైపోతుందా? అపోహలు - వాస్తవాలు

పోయిన వానాకాలం, దేవరకొండ వైపు నుంచి ఒక రైతును మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. కాలు చేయి పడిపోయి అప్పటికే ఇరవై గంటలు. ఎడమ చేతికి చుట్టిన గుడ్డ విప్పితే పసరు వాసన గుప్పుమంది. ముందురోజు నాట్ల దగ్గర కాలి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియలేదట. బీపీ అనుకుని పడుకోబెట్టారు. కొడుకు ఫోన్‌లో వీడియో చూపించాడు: "మెదడుల రక్షణ కణాలుంటయట గద సార్, అవే బాగుజేస్తయట!"

అపోహ: మెదడు తానే రిపేర్ చేసుకుంటుంది, తొందరేం లేదు.

వాస్తవం: ఆ కణాలు ఉన్నమాట నిజమే. వాటి పేరు మైక్రోగ్లియా. వీడియోలో 'కొత్తగా కనిపెట్టారు' అన్నారు గానీ, స్పెయిన్ శాస్త్రవేత్త రియో ఒర్తేగా 1919లోనే ఆ పేరు పెట్టాడు. చచ్చిన కణాల చెత్త ఎత్తేస్తాయి, తర్వాతి వారాల్లో మరమ్మతుకు సాయపడతాయి. కానీ మొదట్లో అవే రెచ్చిపోయి వాపు పెంచే రసాయనాలు వదులుతాయి. పక్కన కొనప్రాణంతో ఉన్న కణాలకు అది ముప్పు. పైగా మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడిన చోటికి అవి రక్తం తేలేవు. బోరు మోటరు కాలిపోయాక కలుపు తీసే కూలీలను ఎంతమందిని దింపినా మడికి నీళ్లు రావు కదా! పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు (మెదడు నాడీకణాలు) పోతాయని అంచనా. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా 4.5 గంటలే గడువు. స్కాన్‌లో వీలు కనిపిస్తే కొందరికి కాథెటర్‌తో (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టంతో) 24 గంటల దాకా గడ్డ తీయొచ్చు. ఆయనకు ఆ రెండూ కుదరలేదు. భయంలో ఏం తోచదు, నాకు తెలుసు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చేయి పడిపోయినా 108కి ఫోన్ చేయండి, చివరిసారి ఎన్నింటికి బాగున్నారో గుర్తుపెట్టుకోండి. అంతే చాలు.

అపోహ: స్టెరాయిడ్ వేస్తే మెదడు వాపు దిగుతుంది.

వాస్తవం: రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతంలో (స్ట్రోక్‌లో) దానివల్ల లాభం లేదు. స్ట్రోక్ తర్వాత ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గుతుంది, స్టెరాయిడ్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది, న్యుమోనియా కాచుకుని ఉంటుంది. మింగగలరో లేదో చూడకుండా నీళ్లు కూడా తాగించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

సీటీ స్కాన్ కాకముందు ఇంట్లో ఆస్పిరిన్ వద్దు, వచ్చింది గడ్డ కాక మెదడులో రక్తస్రావమూ కావచ్చు. పక్షవాతానికి మందంటూ చెప్పే పావురం రక్తం గురించి నన్ను అడగకండి.

ఆ రైతు ఫిజియోథెరపీ ఒక్కరోజూ మానలేదు. మూడో నెలలో వచ్చినప్పుడు అంగీ గుండీలు మూడు తానే పెట్టుకుని చూపించాడు. మెడ దగ్గరిది మాత్రం కొడుకే పెట్టాడు.