ఎంఎక్స్ మార్చేశాం, ఇక పాత ప్లాన్ తీసేయొచ్చా? సొంత డొమైన్ మెయిల్‌పై అపోహలు - వాస్తవాలు

సొంత డొమైన్ మీద (అడ్రస్‌లో @ తర్వాత తమ సొంత పేరో, సంస్థ పేరో ఉండేలా) మెయిల్ నడుపుకునేవాళ్లను ఒక ప్రొవైడర్ నుంచి ఇంకో ప్రొవైడర్‌కు మార్చడం నా పని. కొందరు గూగుల్ నుంచి వస్తారు, కొందరు వెబ్‌సైట్ హోస్టింగ్‌తో పాటు ఊరికే వచ్చిన మెయిల్‌బాక్స్ నుంచి వస్తారు. వెళ్లేది ఫాస్ట్‌మెయిల్‌కో, ప్రోటాన్‌కో, మిగాడుకో. ఎక్కడికి వెళ్లినా నాకొచ్చే ఫోన్ మాత్రం ఒకేలా ఉంటుంది: "ఎంఎక్స్ మార్చేశానండీ, కొత్త మెయిళ్లు చక్కగా వస్తున్నాయి. పాత ప్లాన్ క్యాన్సిల్ చేసేశాను. పాత మెయిళ్లు ఎప్పటికి వస్తాయి?"

రావండీ.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే, అందుకే దీని మీదే ఎక్కువ రాస్తున్నాను. ఇల్లు మారి కొత్త అడ్రస్ ఇస్తే కొత్త ఉత్తరాలు కొత్తింటికి వస్తాయి. పాతింటి బీరువాలో ఉన్నవి వాటంతటవే నడిచి రావు కదా! డొమైన్ సెట్టింగ్స్‌లో ఉండే ఎంఎక్స్ రికార్డు చెప్పేది ఒక్కటే: ఇకనుంచి ఈ డొమైన్‌కు వచ్చే మెయిల్‌ను ఏ సర్వర్‌కు ఇవ్వాలి అని. ఇప్పటిదాకా వచ్చిన మెయిల్ పాత సర్వర్ డిస్కులోనే ఉంటుంది. దాన్ని ఐమాప్ (సర్వర్‌లోని మెయిల్‌ను ఫోల్డర్లతో సహా చూపించే పద్ధతి) ద్వారా ఫోల్డర్ ఫోల్డర్‌గా కొత్త సర్వర్‌కు కాపీ చేయాలి. చాలా ప్రొవైడర్ల దగ్గర ఇంపోర్ట్ బటన్ ఉంటుంది. లేకపోతే ఐమాప్‌సింక్ అనే టూల్ ఉంది. రెండింటిలో ఏది వాడినా కాపీ అయ్యేదాకా పాత అకౌంట్ బతికి ఉండాలి, దాని పాస్‌వర్డ్ పనిచేయాలి.

"ఫోన్లో అన్నీ ఉన్నాయిగా" అనేది దీని తోబుట్టువు. ఐమాప్‌లో అసలు కాపీ ఉండేది సర్వర్‌లోనే. ఫోన్లో ఉన్నది దాని నీడ. అదీ అంతా ఉండదు, చాలా యాప్‌లు ఇటీవలి మెయిళ్లే పూర్తిగా దించుకుంటాయి.

ఒక రిటైర్డ్ లెక్చరర్‌గారి సంగతి చెబుతాను. పాత ప్లాన్ తీసేసి, ఫోన్లో ఉన్న అదే అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ పేరు మార్చి కొత్తది పెట్టారు. యాప్ కొత్త సర్వర్‌కు వెళ్లి చూసింది. అక్కడ ఏమీ లేదు. సర్వర్ ఖాళీగా ఉంటే ఫోన్ కూడా ఖాళీగా ఉండాలన్నదే దానికి తెలిసిన లెక్క, కళ్లముందే అన్నీ చెరిపేసింది. ఆయన నాతో మాట్లాడుతున్నప్పుడు గొంతు వణుకుతోంది. చనిపోయిన అన్నగారు రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయట. అదృష్టం కొద్దీ ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉంది, అందులో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఉంది. "దాన్ని తెరవకండి, ముందు వైఫై రూటర్ ఆపేయండి" అన్నాను. నెట్ లేకుండా తెరిచి, కనిపించినవన్నీ లోకల్ ఫోల్డర్స్‌లోకి (సర్వర్‌తో సంబంధం లేకుండా కంప్యూటర్‌లోనే ఉండేవి) కాపీ చేశాం. అన్నగారి ఉత్తరాలు దొరికాయి. ఆ లాప్‌టాప్ చివరిసారి వాడిన తర్వాత వచ్చిన మెయిళ్లు మాత్రం పోయినట్టే.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. ముందు కొత్త చోట మెయిల్‌బాక్స్‌తో పాటు మీరు వాడుతున్న అలియాస్‌లన్నీ (అదే పెట్టెకు మెయిల్ వచ్చే ఇతర అడ్రస్‌లు) సృష్టించండి. ఎంఎక్స్ టీటీఎల్‌ను (ఆ రికార్డును మిగతా సర్వర్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే అంకె) ఒకరోజు ముందే 300 సెకన్లకు తగ్గించండి. తర్వాత ఎంఎక్స్ మార్చండి. పాత మెయిల్ కాపీ చేయండి. కొన్ని రోజులాగి మళ్లీ ఒకసారి కాపీ నడపండి, మధ్యలో పాత సర్వర్‌కు చేరినవి కూడా వచ్చేస్తాయి. ఫోల్డర్‌వారీగా రెండు వైపులా మెయిళ్ల సంఖ్య సరిచూడండి. కంప్యూటర్‌లో ఒక కాపీ విడిగా పెట్టుకోండి. పాత ప్లాన్ ఆ తర్వాతే తీసేయండి. ఒక నెల అదనంగా కట్టాల్సి వచ్చినా కట్టండి, ఈ విషయంలో పిసినారితనం వద్దు.

పాప్‌తో (మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పాత పద్ధతి) లాక్కుంటానంటారు కొందరు. పాప్‌కు ఫోల్డర్లంటే ఏమిటో తెలియదు, దాంతో పెట్టుకోకండి. జీమెయిల్ నుంచి వచ్చేవాళ్లకు వేరే చిక్కు: అక్కడ ఉన్నవి లేబుల్స్. మూడు లేబుల్స్ ఉన్న మెయిల్ ఐమాప్‌లో మూడు ఫోల్డర్లలోనూ కనిపిస్తుంది, మళ్లీ ఆల్ మెయిల్‌లోనూ ఉంటుంది. అలాగే కాపీ చేస్తే స్పేస్ చాలకపోవచ్చు. పోనీ అని ఆల్ మెయిల్ వదిలేస్తే, ఏ లేబులూ లేకుండా ఆర్కైవ్ చేసినవి వెనకే ఉండిపోతాయి. మీ ప్రొవైడర్ ఇంపోర్టర్ దీన్ని ఎలా చూసుకుంటుందో ముందే అడగండి. కాంటాక్ట్స్, క్యాలెండర్, ఫిల్టర్లు ఐమాప్‌లో రానే రావు. మొదటి రెండూ ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి, ఫిల్టర్లు మళ్లీ రాసుకోవాల్సిందే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"మార్చే సమయంలో వచ్చిన మెయిళ్లు గాల్లో కలిసిపోతాయి." ఎవరు పుట్టించారో గానీ ఈ పుకారుతో టెన్షన్ పడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. మీ సర్వర్ కాసేపు అందకపోతే పంపే సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మెయిల్ పంపడానికి సర్వర్లు పాటించే ఎస్‌ఎంటీపీ ప్రమాణం అందుకు కనీసం 4-5 రోజుల గడువు ఉండాలంటుంది. అసలు ప్రమాదం సర్వర్ పనిచేస్తూ "ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు" అని 550 కోడ్‌తో తిప్పికొట్టినప్పుడు. అక్కడ రెండో ప్రయత్నం ఉండదు. అలియాస్‌లు ముందే పెట్టమన్నది అందుకే.

"డీఎన్‌ఎస్ మారడానికి 48 గంటలు పడుతుంది." డీఎన్‌ఎస్ అంటే ఎంఎక్స్ లాంటి డొమైన్ రికార్డులను అడిగినవాళ్లకు చెప్పే వ్యవస్థ. మిగతా సర్వర్లు పాత సమాధానం ఎంతసేపు దాచుకోవాలో మీ టీటీఎలే చెబుతుంది. 86400 అని ఉంటే ఒక రోజు, 300 ఉంటే అయిదు నిమిషాలు. ముందే తగ్గించకుండా మార్చినప్పుడు తగ్గిస్తే లాభం లేదు.

"కొత్త మెయిళ్లు వస్తున్నాయి, కానీ వెబ్‌సైట్ ఫారం నుంచి రావట్లేదు. కొత్త ప్రొవైడర్ మంచిది కాదు." పాపం, వాళ్ల తప్పేం లేదు. మీ వెబ్‌సైట్ ఇంకా పాత హోస్ట్ దగ్గరే ఉంది. ఈ డొమైన్ మెయిల్ నాదేనని ఆ సర్వర్ ఇంకా అనుకుంటోంది, ఎంఎక్స్ చూడకుండానే తన దగ్గరి పాత పెట్టెలో వేసేస్తోంది. మీ హోస్ట్ ఇచ్చిన కంట్రోల్ ప్యానెల్ సీప్యానెల్ అయితే ఈమెయిల్ రౌటింగ్‌లో రిమోట్ అని పెట్టండి.

"డొమైన్‌ను కూడా ట్రాన్స్‌ఫర్ చేయాలి." అక్కర్లేదు. నేమ్‌సర్వర్లు (డొమైన్ రికార్డులన్నీ ఉండే సర్వర్లు) కూడా మార్చాల్సిన పని లేదు. పాత రికార్డులు రాసుకోకుండా అవి మార్చేసి వెబ్‌సైట్ పడిపోయిందని ఏడ్చేవాళ్లు బోలెడుమంది.

"ఇండిపెండెంట్ ప్రొవైడర్ నుంచి పంపితే స్పామ్‌లోకి పోతుంది." సొంతంగా సర్వర్ పెట్టుకుంటే ఆ భయంలో కొంత అర్థముంది. నడుస్తున్న మంచి ప్రొవైడర్‌తో అయితే గొడవ ఎక్కువగా మీ రికార్డుల్లోనే ఉంటుంది. పాత ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరున మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే రికార్డు) ఉండగా కొత్తది పక్కన ఇంకోటి వేస్తారు. ఒక డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్‌లుంటే రెండూ చెల్లవు, ఒక్కదాంట్లోనే కలిపి రాయాలి. డీకిమ్ (పంపే మెయిల్‌పై వేసే డిజిటల్ సంతకం) కూడా ఆన్ చేయండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి.

"ప్రైవేట్ ప్రొవైడర్‌కు మారితే నా మెయిళ్లు ఇంకెవరూ చదవలేరు." అవతలివాళ్లు జీమెయిల్‌లో ఉంటే మీ మెయిల్ కాపీ అక్కడ ఉన్నట్టే.

గూగుల్ వర్క్‌స్పేస్ (సొంత డొమైన్‌తో వాడుకునే గూగుల్ సర్వీస్, పాత పేరు జీ సూట్) నుంచి వచ్చేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. 2022లో గూగుల్ పాత ఉచిత జీ సూట్ ఆపేస్తామనగానే చాలామంది కంగారుగా బయల్దేరారు. తర్వాత వ్యక్తిగత వాడకానికి ఉచితంగా కొనసాగొచ్చని అదే గూగుల్ చెప్పింది. అప్పటికే అకౌంట్ డిలీట్ చేసినవాళ్లకు పోయింది మెయిల్ ఒక్కటే కాదు. ఫోటోలు, డ్రైవ్, ప్లే స్టోర్‌లో కొన్నవి కూడా పోతాయి. "సైన్ ఇన్ విత్ గూగుల్" నొక్కి తెరిచిన సైట్లన్నిట్లోనూ ముందుగా వేరే లాగిన్ పెట్టుకోవాలి.

చివరిగా ఎవరూ అడగనిది ఒకటి. రిజిస్ట్రార్ (మీకు డొమైన్ అమ్మిన సంస్థ) దగ్గర మీ డొమైన్ అకౌంట్‌కు ఏ మెయిల్ ఐడీ ఇచ్చారు? ఆ ఐడీ కూడా అదే డొమైన్ మీద ఉన్నదైతే వెంటనే మార్చండి. డొమైన్ గడువు తీరితే మెయిల్ ఆగుతుంది, ఆ తర్వాత పాస్‌వర్డ్ రీసెట్ లింకు ఆగిన పెట్టెకే వెళ్తుంది. ఇక డొమైన్‌ను ఇంకెవరైనా కొనుక్కుంటే మీ పేరున ఉన్న బ్యాంకు, సోషల్ మీడియా రీసెట్ లింకులు వాళ్ల ఇన్‌బాక్స్‌లో పడతాయి. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందో లేదో, దానికిచ్చిన కార్డు ఎక్స్‌పైరీ ఎప్పుడో కూడా ఈ పూటే చూడండి.