పిన్ని స్కానింగ్ అనుకున్న ఫొటో

మొన్న సంక్రాంతికి బారువలో మా పిన్ని ఇంటికి వెళ్తే ఆవిడ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇదేట్రా బాబూ, నీ తమ్ముడు పంపాడు. ఎవరికో కడుపు స్కానింగ్ తీసినట్టుంది" అంది. చూస్తే నిజంగానే అలాగే ఉంది. బూడిదరంగు నేల మీద నూక చల్లినట్టు చుక్కలు, అక్కడక్కడ నల్లటి మరకలు, తెల్లటి చారలు, వాటి మధ్యలోంచి వంకరగా పోయే ఎర్ర గీత ఒకటి. తమ్ముడు కేప్‌టౌన్ నుంచి అంటార్కిటికాకు సరుకులు మోసే ఓడలో సెకండ్ ఆఫీసర్. ఓడ ఏ దారిన వెళ్లాలో గీసి కెప్టెన్ ముందు పెట్టే పని వాడిదే. ఫొటో కింద ఒక్కటే ముక్క రాశాడు: "మా ముందున్న మంచు ఇదే అమ్మా."

పిన్ని నవ్వులాటకి అన్నా, ఆ మాట సైన్సు ప్రకారం కూడా నిజానికి చాలా దగ్గర. ఆసుపత్రిలో స్కానింగ్ తీసేటప్పుడు చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపి, తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బొమ్మగా మారుస్తారు. తమ్ముడు పంపింది రాడార్ చిత్రం. ఇక్కడ శబ్దానికి బదులు రేడియో తరంగాలు వాడతారు, పొట్ట మీద తిప్పే పరికరానికి బదులు దాదాపు 700 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం ఉంటుంది. ఆ నూక కూడా రెండింటిలో ఒకే కారణంతో వస్తుంది. బొమ్మలోని ఒక్కో చుక్క వెనక వందల చిన్న చిన్న ఎత్తుపల్లాలు ఉంటాయి. వాటి నుంచి వెనక్కి వచ్చే తరంగాలు ఒకచోట కలిసి బలపడితే తెల్లచుక్క, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే నల్లచుక్క. దీన్ని స్పెకిల్ అంటారు.

మామూలు కెమెరా ఎందుకు పనికిరాదంటే, ధ్రువాల దగ్గర సముద్రం మీద మబ్బు ఓ పట్టాన వదలదు. శీతాకాలంలో అయితే నెలల తరబడి సూర్యుడే రాడు. రాడార్‌కి ఈ రెండింటితోనూ పేచీ లేదు. రాత్రి వేటకెళ్లేవాడు టార్చిలైటు పట్టుకెళ్లినట్టు తన వెలుగు తనే తెచ్చుకుంటుంది. ఆ వెలుగు మబ్బులోంచి దూరి వెళ్లిపోతుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-1 ఉపగ్రహాల్లో మొదటిది 2014లో ఎగిరింది. అది వాడే తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మూడు వేళ్ల వెడల్పు. సముద్రపు మంచు కోసం వాడే పద్ధతిలో ఒక్కసారికి 400 కిలోమీటర్ల వెడల్పున సముద్రాన్ని చూస్తుంది.

అంత ఎత్తు నుంచి 12 మీటర్ల యాంటెన్నాతో చూస్తే లెక్క ప్రకారం దాదాపు నాలుగు కిలోమీటర్ల మేర అంతా ఒకే మసకగా కనిపించాలి. కనిపించదు. మందస రోడ్డు స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్ హారన్ కొట్టుకుంటూ పోయేటప్పుడు వినండి. వచ్చేటప్పుడు కీచుగా ఉన్న కూత, దాటగానే బొంగురుపోతుంది. కళ్లు మూసుకున్నా బండి ఎప్పుడు మన ముందు నుంచి పోయిందో చెప్పేయొచ్చు. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతున్న ఉపగ్రహం కూడా వెనక్కొచ్చే తరంగాల స్వరం ఎలా మారిందో రాసిపెట్టుకుంటుంది. తర్వాత కంప్యూటర్లు ఆ మార్పులన్నీ కలిపి, యాంటెన్నా కిలోమీటర్ల పొడవు ఉన్నట్టే లెక్కగట్టి బొమ్మను తేల్చి ఇస్తాయి. దీనికే సింథటిక్ అపెర్చర్ రాడార్ అని పేరు.

బొమ్మ రావడం ఒక ఎత్తు, దాన్ని చదవడం ఇంకో ఎత్తు.

గాలి లేని నీరు అద్దంలా ఉంటుంది. పక్కవాటుగా వచ్చిన తరంగాన్ని అటే విసిరేస్తుంది, ఉపగ్రహానికి ఏమీ తిరిగి రాదు. కాబట్టి నలుపు. అంటే నలుపున్నచోట నీళ్లున్నట్టు, ఓడ పోవచ్చన్నమాట, అనుకుంటాం. కానీ సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెట్టాక, అలలు లేకపోతే పైన నున్నటి పలుచని పొర కడుతుంది. అదీ అద్దమే, అదీ నలుపే. మరోపక్క గాలికి రేగిన నీరు తరంగాలను నానా దిక్కులకూ చెదరగొట్టి, ఎగుడుదిగుడు మంచులాగే తెల్లగా మెరుస్తుంది. ఏ తేడా తెలుసుకోవాలని ఇంత ఎత్తుకు ఉపగ్రహాన్ని పంపామో సరిగ్గా అక్కడే అది తికమకపెడుతుంది.

దీనికి విరుగుడు ఉంది. తరంగాన్ని అడ్డంగా ఊగిస్తూ పంపి, నిలువుగా ఊగుతూ వెనక్కొచ్చే భాగాన్ని విడిగా వింటారు. గాలికి రేగిన నీటి నుంచి అలా ఊపు మారి వచ్చేది తక్కువ. ఒకదాని మీద ఒకటెక్కిన మంచుపలకల నుంచి ఎక్కువ. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా అనుమానాలు తీరతాయి, అన్నీ కాదు.

మంచు వయసు కూడా రంగులోనే తెలుస్తుంది. ఈ ఏడే కట్టిన మంచులో ఉప్పునీరు ఇంకా చిన్న చిన్న అరల్లో ఇరుక్కుని ఉంటుంది. ఆ ఉప్పు తరంగాన్ని లోపలికి పోనివ్వదు, అందుకే బొమ్మలో మసకగా కనిపిస్తుంది. ఒక వేసవి గట్టెక్కిన మంచులోంచి ఉప్పు కిందికి కారిపోయి, ఖాళీ అయినచోట గాలిబుడగలు మిగులుతాయి. తరంగం లోపలికి దూరి, ఆ బుడగలకు కొట్టుకుని బయటకు చెదురుతుంది. బొమ్మలో అది తెల్లగా మెరుస్తుంది. ఉప్పు పోయిన ముదురు మంచు గట్టిది, ఓడకు ప్రమాదం ఎక్కువ దానితోనే. ఇంట్లో ఉప్పు తక్కువైతే కూర చప్పబడుతుంది, సముద్రంలో ఉప్పు పోతే మంచు రాయవుతుంది. ఇక వేసవిలో పైన పడ్డ మంచుపొడి తడిసిందంటే ఈ పాతకొత్తల తేడా కూడా చెరిగిపోయి అంతా ఒకే బూడిదరంగు. మనకి సంక్రాంతి అంటే అక్కడ వేసవి, తమ్ముడు వెళ్లింది సరిగ్గా ఆ కాలంలోనే.

తాము ఏ తరంగమూ పంపకుండా, మంచు దానంతటదే వెదజల్లే మైక్రోవేవ్‌లను కొలిచే ఉపగ్రహాలూ ఉన్నాయి. 1978 చివరి నుంచి ధ్రువాల మంచు లెక్కలు వాటి చలవే. విచిత్రమేమిటంటే ఆ కంటికి చల్లని మంచు, దానికన్నా వెచ్చనైన నీటికంటే ఎక్కువ వెలుగుతుంది. ధ్రువం మొత్తాన్ని రోజూ చూపిస్తాయి కానీ చుక్కలు కిలోమీటర్ల వెడల్పు. జిల్లా మ్యాపు చూసుకుని సందులో ఇల్లు వెతికినట్టుంటుంది.

అసలు చిక్కు ఇదేదీ కాదు. చీపురుపల్లి దగ్గర మా ఊరి చెరువుని ఒకప్పుడు గుర్రపుడెక్క కమ్మేసింది. గట్టు మీద నిలబడి చూస్తే పచ్చటి చాప మధ్యలో నీటిపాయ ఒకటి చక్కగా అవతలి ఒడ్డు దాకా కనిపించేది. సరేనని చిన్న నాటుపడవలో దిగి సగం దూరం పోయేసరికి గాలి తిరిగేది. పాయ మూసుకుపోయేది. ముందుకీ పోలేం, వెనక్కీ రాలేం. తెడ్డు వేస్తే మొక్కల వేళ్లకు చుట్టుకునేది. గట్టు మీద ఉన్నవాడు "ఎడం పక్కకి, ఎడం పక్కకి" అని కేకలేసేవాడు. కాసేపటికి గాలి మళ్లీ తిరిగితే, మేం ఏమీ చేయకుండానే ఆ పచ్చచాప దానంతటదే విడిపోయేది. ధ్రువ సముద్రంలో మంచుపలకలూ అంతే, పాయలుగా విడిపోతాయి, మూసుకుంటాయి. తేడా ఏమిటంటే గట్టు మీది మనిషి అక్కడే ఉంటాడు. ఉపగ్రహం ఒక చూపు చూసి వెళ్లిపోతుంది, మళ్లీ అదే చోటికి రావడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది.

చెల్లాచెదురుగా తేలే మంచు గాలి వేగంలో సుమారు రెండు శాతం వేగంతో కదులుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే మంచు గంటకో కిలోమీటరు జరుగుతుంది. 12 గంటల నాటి బొమ్మ చేతిలో ఉంటే, అందులోని దారి 12 కిలోమీటర్లు పక్కకు పోయి ఉంటుంది. అదీ గాలి పోయే వైపుకి కాదు. నార్వే పరిశోధకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 'ఫ్రామ్' అనే ఓడను కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించి 1893 నుంచి 1896 దాకా జరిపిన యాత్రలో గమనించిన సంగతి ఇది: మంచు గాలికి 20 నుంచి 40 డిగ్రీలు కుడివైపుకి తప్పుకుని పోతుంది. భూమి తిరగడమే కారణం. దక్షిణాన అయితే ఎడమవైపుకి. తమ్ముడి ఎర్రగీతలో అంత వంకర ఎందుకుందో నాకు ఇది గుర్తొచ్చాకే అర్థమైంది. వాడు బొమ్మలోని పాయల మీద గీయలేదు, వాళ్లు చేరేవేళకి ఆ పాయలు ఎక్కడికి జరిగి ఉంటాయో అక్కడ గీశాడు.

లెక్క తప్పితే ఏమవుతుందో 2013 క్రిస్మస్‌కి ప్రపంచమంతా చూసింది. రష్యా ఓడ 'అకడమిక్ షొకాల్‌స్కీ' తూర్పు అంటార్కిటికా తీరంలో ఇరుక్కుపోయింది. గాలి ఎక్కడెక్కడి ముదురు మంచునో తెచ్చి దాని చుట్టూ పేర్చింది. చైనా ఓడ 'షువే లాంగ్' హెలికాప్టర్ 2014 జనవరి 2న అందులోని 52 మందిని దాటించింది, తర్వాత ఆ షువే లాంగే ఇరుక్కుంది. కొద్దిరోజులకి గాలి మళ్లింది, రెండూ బయటపడ్డాయి. మా చెరువులోలాగే.

ఉపగ్రహ రాడార్ ఓడలకు నిజంగా అక్కరకొచ్చిన తొలి సందర్భాల్లో ఒకటి 1983లో. ఆ ఏడు సైబీరియాకు పైన, చుక్చీ సముద్రంలో శీతాకాలం తొందరపడింది. పదుల కొద్దీ సోవియట్ సరుకు ఓడలు మంచులో చిక్కుకున్నాయి. అక్టోబరులో 'నినా సగైదాక్' అనే ఓడను మంచు రెండువైపులా నొక్కి ముంచేసింది. సరిగ్గా దానికి కొద్దిరోజుల ముందు, సెప్టెంబరు 28న, కాస్మోస్-1500 అనే ఉపగ్రహం పక్కచూపు రాడార్‌తో ఎగిరింది. ఇంకా పరీక్షల్లోనే ఉంది. దాని బొమ్మలో ఒక చుక్క కిలోమీటరుకు పైమాటే, ఇప్పటివాటితో పోలిస్తే కళ్లజోడు లేని చూపు. అయినా ఎక్కడ మంచు పగిలి ఉందో, ఎటు తిరిగితే పలుచబడుతుందో తెలియడానికి ఆ చూపు చాలింది. మంచు పగలగొట్టుకుంటూ పోయే ఐస్‌బ్రేకర్ ఓడలు ఆ బొమ్మల సాయంతో ఓడలను ఒక్కొక్కటిగా బయటకు లాగాయి. ఎనిమిదేళ్ల తర్వాత, 1991లో, యూరప్ ఉపగ్రహం ఈఆర్ఎస్-1 ఎగిరిన నెలకే దాని చిత్రాలను సైబీరియా పైదారిన పోతున్న ఫ్రెంచి ఓడ 'లాస్ట్రోలాబ్'కి పంపారు.

పంపడం అని తేలిగ్గా అనేశాను. మన టీవీ డిష్షు చూసే ఉపగ్రహాలు భూమధ్యరేఖకి ఎగువన ఉంటాయి, ధ్రువాల దగ్గరికి పోయేకొద్దీ అవి దిగంతం కిందికి జారిపోతాయి. అక్కడా పలికేది ఇరిడియం లాంటి ధ్రువాల మీదుగా తిరిగే వ్యవస్థ. దాని పాత కనెక్షన్ వేగం సెకనుకు 2,400 బిట్లు. ఒక్క మెగాబైటు ఫైలు దిగడానికి దాదాపు గంట. వాట్సాప్‌లో మనం గుడ్‌మార్నింగ్ అని పంపుకునే పువ్వు బొమ్మ అక్కడ ఓడను గంటసేపు కూర్చోబెట్టేదన్నమాట. ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగైంది, కానీ చిత్రాన్ని కోసి, కుదించి, పనికొచ్చే ముక్కే పంపే అలవాటు పోలేదు.

లేదా బొమ్మకు బదులు ఐస్ చార్టు పంపుతారు. నిపుణులు చిత్రాలు చదివి, సముద్రాన్ని మడులుగా విడగొట్టి, ఒక్కోదానికి కోడిగుడ్డు ఆకారంలో ఒక గుర్తు వేస్తారు. గుడ్డు నెత్తిన ఉన్న అంకె ఎన్ని పదోవంతుల నీటిని మంచు కప్పిందో చెబుతుంది. కింది అంకెలు మంచు వయసు, పలకల సైజు. ప్రపంచమంతా ఇదే గుడ్డు. మన రూపాయికి పదహారణాల లెక్క పెద్దవాళ్ల నోట ఎలా ఆడేదో, మంచులో తిరిగే నావికుల నోట "తొమ్మిది పదోవంతులు", "నాలుగు పదోవంతులు" అలా ఆడతాయి.

అంటార్కిటికాకు మన తొలి యాత్ర 1981 డిసెంబరు 6న గోవా నుంచి బయల్దేరి జనవరి 9న మంచు మీద కాలు పెట్టినప్పుడు ఇలాంటి రాడార్ చిత్రాల సాయం లేదు. తర్వాతి రోజుల్లో అక్కడి మన స్థావరాలు మైత్రికి, భారతికి సరుకులు తీసుకెళ్లే ఓడల కోసం అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలు చూసి మంచు సలహాలు తయారుచేసి ఇచ్చింది. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే ఎగిరిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహంలో 24 సెంటీమీటర్ల పొడుగు తరంగం ఉంది. పైనున్న మంచుపొడిని అది అంతగా లెక్కచేయదు, మంచు పేర్చుకున్న గుట్టల్ని బాగా పట్టిస్తుంది. బారువ జాలర్లకి ఇదంతా మరీ కొత్తగా అనిపించదు. చేపలు ఎటువైపు దొరకొచ్చో సముద్రపు వేడి, రంగు ఉపగ్రహాలతో చూసి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు చెబుతూనే ఉన్నారు. జాలర్లూ ఆ సమాచారం విని, తీరా నీళ్లలోకి వెళ్లాక నీటి రంగు, పక్షులు చూసి వల వేస్తారు.

ఓడ మీదా అంతే. పెద్ద మంచుకొండ నుంచి ఊడిపడి, నీటి పైన మీటరు కూడా కనపడకుండా తేలే ముక్కలుంటాయి. గ్రౌలర్లంటారు. 40 మీటర్ల చుక్కలున్న చిత్రంలో అవి ఉండవు, అలలు లేస్తే ఓడ సొంత రాడార్‌కీ దొరకవు. లారీ అంత బరువున్న రాయి నీళ్లలో దాక్కున్నట్టు. అందుకని ఇప్పటికీ బ్రిడ్జిలో, అంటే ఓడ నడిపే గదిలో, ఒక మనిషి బైనాక్యులర్స్ పట్టుకుని కళ్లు చిట్లించి నిలబడతాడు.

కనుమ నాటి సాయంత్రం తమ్ముడు ఇంకో చిత్రం పంపాడు. ఈసారి గీత లేదు. తీరానికి అతుక్కున్న నున్నటి మంచు మీద తెల్లటి చుక్క ఒకటి. ఇనుప గోడలు, మూలలు తరంగాన్ని నేరుగా వెనక్కి కొడతాయి కాబట్టి ఓడ అలా మెరుస్తుంది. మంచుకొండ కూడా అలాగే మెరుస్తుంది, అందుకే ముందు నేనూ తొందరపడలేదు. కానీ ఆ చుక్క వెనకాల సన్నగా, వెలుగ్గా ఒక చార ఉంది. ఓడ చీల్చుకుంటూ పోయిన బాటలో మిగిలిన ముక్కల గరుకు అది. మంచుకొండలు నున్నటి మంచులో అలా గీత గీసుకుంటూ నడవవు.

"ఇదీ వాళ్ల ఓడ" అని చూపించాను. పిన్ని కళ్లజోడు సర్దుకుని చుక్క మీద రెండు వేళ్లు పెట్టి లాగింది. చుక్క పెద్దదై నాలుగు తెల్లటి గళ్లయింది. "ఇంకా పెద్దది చేస్తే వాడు కనపడడేటి?" అంది, మళ్లీ లాగుతూ.