జబ్బు తక్కువ, చావులు ఎక్కువ: అమెరికా పల్లె మగవాళ్ల క్యాన్సర్ కథ

2017లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఒక నివేదికలో రెండు జతల అంకెలు ఇచ్చింది. ఏటా ప్రతి లక్ష మందిలో కొత్తగా క్యాన్సర్ బయటపడేది పట్టణ కౌంటీల్లో 457 మందికి, పల్లె కౌంటీల్లో 442 మందికి. అంటే పల్లెల్లోనే కాస్త తక్కువ. క్యాన్సర్‌తో చనిపోయేవాళ్లు మాత్రం పట్టణ కౌంటీల్లో 158 మంది, పల్లె కౌంటీల్లో 180 మంది. జబ్బు తక్కువగా వచ్చే చోట చావులు ఎక్కువ. చదివినప్పటి నుంచి ఈ నాలుగు అంకెలు నన్ను వదల్లేదు.

ఇవి ఆడవాళ్లనూ మగవాళ్లనూ కలిపి వేసిన లెక్కలు. మగవాళ్లను విడిగా తీస్తే రెండు చోట్లా మరణాల రేటు ఇంకా పైనే ఉంటుంది. ఈ తేడా వెనక పొగాకు ఉంది, గనులున్నాయి, ఓడల కర్మాగారాలున్నాయి, బీమా నిబంధనలున్నాయి. వాటి దెబ్బ ముందుగా, గట్టిగా తగిలింది మగవాళ్లకే. అందుకే వాళ్ల వైపు నుంచి ఈ కథ చెప్పుకోవాలి.

అమెరికాలో కౌంటీలు 3,100కు పైనే ఉన్నాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోవచ్చు గానీ, కొన్నిట్లో మన మండలంలో ఉన్నంత జనం కూడా ఉండరు. ఒక నగరం, ఆ నగరానికి రోజూ పనికి వచ్చిపోయేవాళ్లు ఎక్కువగా ఉండే చుట్టుపక్కల కౌంటీలు కలిపి మెట్రో ప్రాంతం. మిగతావి పల్లె కౌంటీలు. వాటిలో దాదాపు 4 కోట్ల 60 లక్షల మంది ఉంటారు. పల్లెల్లో ముసలివాళ్లు ఎక్కువ కాబట్టి చావులూ ఎక్కువేమో అనిపిస్తుంది. కానీ వయసుల తేడాను ముందే సరిచేసి, రెండు చోట్లా ఒకే పాళ్లలో పిల్లలూ పెద్దలూ ఉన్నట్టు లెక్కగట్టాకే ఈ రేట్లు వేస్తారు.

పల్లె గాలి, పల్లె తిండి, ఒళ్లు వంచి చేసే పని ఉంటే రోగాలు దగ్గరికి రావని మన దగ్గర పెద్దవాళ్లు అంటుంటారు. అమెరికా వాళ్లూ చాలాకాలం అలాగే నమ్మారు. ఆ నమ్మకానికి అప్పట్లో ఆధారం కూడా ఉంది.

దేశం మొత్తం మీద చావుల నమోదు పూర్తిగా మొదలైంది 1933లో, ఆఖరి రాష్ట్రంగా టెక్సాస్ చేరాక. అంతకుముందు లెక్కలన్నీ కొన్ని రాష్ట్రాలవే. నమోదు మొదలయ్యాక కూడా మారుమూల కౌంటీలో చనిపోయిన మనిషికి ఎక్స్‌రే తీసినవాళ్లు గానీ, ఇది ఫలానా క్యాన్సర్ అని తేల్చినవాళ్లు గానీ చాలాసార్లు లేరు. కాబట్టి పాత లెక్కల్లో పల్లె చావులు కొంత తక్కువగా పడి ఉంటాయి. దాన్ని పక్కన పెట్టి చూసినా, 20వ శతాబ్దం మధ్యలో క్యాన్సర్ పట్నం మగవాడి జబ్బే.

1975లో జాతీయ క్యాన్సర్ సంస్థ 1950 నుంచి 1969 వరకు జరిగిన క్యాన్సర్ మరణాలను కౌంటీల వారీగా లెక్కగట్టి మ్యాపులు వేసింది. దేశపటం మీద రంగులు పరిచి చూస్తే ముదురు రంగు ఎక్కువగా ఈశాన్యాన, నగరాల మీద, ఫ్యాక్టరీల మీద పడింది. న్యూజెర్సీ రాష్ట్రం ఆ మ్యాపుల వల్లే చెడ్డపేరు మోసింది. అక్కడి సేలం కౌంటీలో మగవాళ్ల మూత్రాశయ క్యాన్సర్ మరణాలు దేశంలోనే బాగా ఎక్కువగా కనిపించాయి. ఆ కౌంటీలో రసాయన పరిశ్రమలు పెద్దవి. జార్జియా, వర్జీనియా తీరాల్లో మగవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు గుట్టగా కనబడితే పరిశోధకులు ఊళ్లకు వెళ్లి ఆరా తీశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడల కర్మాగారాల్లో పనిచేసినవాళ్లు, ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చినవాళ్లు అందులో ఉన్నారు. యుద్ధం ముగిసిన ముప్పై ఏళ్లకు ఆ చావులు మ్యాపు మీదికెక్కాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎప్పుడూ ఇంతే, రెండు మూడు దశాబ్దాలు ఆగి మరీ వస్తుంది.

ఆ ఆలస్యం సంగతి గుర్తుంచుకుంటే సిగరెట్ చేసిన పని తేలిగ్గా అర్థమవుతుంది. యంత్రం మీద చుట్టిన సిగరెట్ 1880లలో వచ్చింది. ముందు పట్నాల్లోనే పాతుకుంది. పల్లె మగవాళ్లు అప్పటికి పొగాకు నమిలేవాళ్లు, పైపు కాల్చేవాళ్లు. రెండు ప్రపంచ యుద్ధాల్లో సైనికులకు తిండితో పాటు సిగరెట్లు కూడా అందాయి. అలా అలవాటు ప్రతి ఊరికీ చేరింది. 1965 నాటికి అమెరికాలో మగవాళ్లలో సగం మందికి పైగా పొగతాగేవాళ్లే.

అంతకు ఏడాది ముందు, 1964 జనవరి 11న, ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరు, సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ, సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ప్రకటించాడు. 1971లో టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు ఆగాయి. మానేయడం మొదలైంది. కానీ అందరూ ఒకేసారి మానలేదు. చదువుకున్నవాళ్లు, ఆఫీసు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, డాక్టరు దగ్గరికి తరచూ వెళ్లేవాళ్లు ముందు మానేశారు. వాళ్లలో ఎక్కువమంది ఉండేది నగరాల్లో. పల్లె కౌంటీల్లో, ముఖ్యంగా దక్షిణాదిన, దేశానికి తూర్పువైపున్న అపలాచియా కొండల్లో ఆ అలవాటు అలాగే ఉండిపోయింది.

కెంటకీ రాష్ట్రాన్ని చూస్తే ఇది కళ్లకు కడుతుంది. అక్కడ బర్లీ రకం పొగాకు తరతరాల పంట. మన ప్రకాశం, గుంటూరు రైతుల నోట వినిపించే ‘వర్జీనియా’, ‘బర్లీ’ అనే పేర్లు అమెరికా నుంచి వచ్చినవే. పొగాకు డబ్బుతో పిల్లల్ని చదివించిన ఇంట్లో కూర్చుని పొగాకు గురించి చెడుగా మాట్లాడటం ఎంత కష్టమో ప్రకాశం జిల్లా వాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. అమెరికాలో 1938 చట్టం నుంచి పొగాకుకు ప్రభుత్వ కోటాలు, ధర హామీ ఉండేవి. 2004లో రైతులకు పరిహారమిచ్చి ఆ ఏర్పాటును ఎత్తేశారు.

2002లో న్యూయార్క్ నగరంలో ఒక సిగరెట్ ప్యాకెట్ మీద రాష్ట్ర పన్ను, నగర పన్ను కలిపి 3 డాలర్లు. అదే సమయంలో కెంటకీ రాష్ట్ర పన్ను 3 సెంట్లు. నూరు రెట్లు తేడా. కెంటకీ 2005లో గానీ దాన్ని 30 సెంట్లకు పెంచలేదు. న్యూయార్క్ ఆఫీసు ఉద్యోగి జేబు తడుముకుని ఇక మానేద్దాం అనుకుంటే, తూర్పు కెంటకీ బొగ్గు గని కార్మికుడికి అలా అనిపించే కారణమే లేదు. గని లోపల మీథేన్ భయంతో అగ్గిపుల్ల గీయకూడదు కాబట్టి చాలామంది అక్కడ పొగాకు నమిలేవాళ్లు, పైకి వచ్చాక కాల్చేవాళ్లు. దానికి గనిలోని సిలికా దుమ్ము, ఇళ్ల అడుగు నేల నుంచి వచ్చే రేడియోధార్మిక వాయువు రేడాన్ తోడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కెంటకీ ఏళ్ల తరబడి దేశంలో మొదటి వరుసలో ఉంటూ వచ్చింది.

మగవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల రేటు దేశం మొత్తం మీద 1990లో శిఖరానికి చేరి అక్కణ్నుంచి దిగడం మొదలుపెట్టింది. అన్ని క్యాన్సర్లూ కలిపిన రేటు 1991 నుంచి తగ్గుతూ వచ్చి, 30 ఏళ్లలో మూడో వంతు తగ్గింది. ఇది చిన్న విజయం కాదు. కానీ సీడీసీ నివేదికలోనే ఇంకో అంకె ఉంది: మరణాల రేటు పట్టణ కౌంటీల్లో ఏడాదికి 1.6 శాతం చొప్పున తగ్గితే, పల్లె కౌంటీల్లో 1.0 శాతమే. పట్నం మగవాడి జబ్బు పల్లె మగవాడి జబ్బుగా మారింది ఇలాగే. పల్లెల్లో కొత్త విపత్తేదో వచ్చిపడి కాదు, పట్నం బయటపడుతుంటే పల్లె వెనకబడిపోయి.

పురుగుమందుల సంగతేమిటని వెంటనే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయోవా, నార్త్ కరోలినాల్లో దాదాపు 89,000 మంది రైతు కుటుంబాల వాళ్లను, మందులు కొట్టేవాళ్లను 1993 నుంచి ఒక పెద్ద అధ్యయనం గమనిస్తోంది. వాళ్లలో మగవాళ్లకు మాత్రమే ఉండే ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ లాంటివి కొన్ని ఎక్కువగా కనిపించాయి. కానీ మొత్తం మీద చూస్తే రైతులు తక్కువ పొగతాగుతారు, క్యాన్సర్ చావులు కూడా మామూలు జనం కన్నా తక్కువే. పైగా ఇప్పుడు అమెరికా పల్లెవాళ్లలో వ్యవసాయం చేసేవాళ్లు కొద్దిమందే. ఈ తేడాను పొలం మీదికి నెట్టేస్తే అసలు కారణాలు చూపు నుంచి తప్పుకుంటాయి.

పల్లె అయినంత మాత్రాన రాత మారదని చెప్పడానికి పడమటి రాష్ట్రాలున్నాయి. యూటాలో మారుమూల కౌంటీలు బోలెడు. అయినా దేశంలో క్యాన్సర్ మరణాల రేటు అతి తక్కువ ఉన్న రాష్ట్రం అదే. అక్కడ ఎక్కువమంది పాటించే మోర్మన్ మతం పొగాకును నిషేధిస్తుంది. 2014 లెక్కల్లో అన్ని కౌంటీలలోకీ తక్కువ రేటు కొలరాడో కొండల్లోని సమ్మిట్ కౌంటీది, లక్షకు 70.7. అన్నిటికన్నా ఎక్కువ ఫ్లోరిడాలోని యూనియన్ కౌంటీది, 503.1. రెండూ చిన్న కౌంటీలే. సమ్మిట్ స్కీయింగ్ రిసార్టులున్న, డబ్బున్న ప్రాంతం. యూనియన్ కౌంటీలో రాష్ట్ర మగ ఖైదీలకు వైద్యం చేసే జైలు ఆసుపత్రి ఉంది. ఆ సంగతి తెలియకుండా ఆ అంకెను చదవకూడదు.

ఇక వైద్యం. 1946లో వచ్చిన హిల్-బర్టన్ చట్టం డబ్బుతో పల్లె అమెరికాలో వందల కొద్దీ ఆసుపత్రులు లేచాయి. 1983లో, 65 దాటినవాళ్లకు ప్రభుత్వమిచ్చే బీమా అయిన మెడికేర్ చెల్లింపుల పద్ధతి మారింది. అప్పటిదాకా అయిన ఖర్చును బట్టి ఇచ్చేవాళ్లు, ఇకమీదట జబ్బును బట్టి ఇంత అని ముందే లెక్కగట్టి ఇచ్చారు. రోగులు తక్కువగా వచ్చే చిన్న ఆసుపత్రులు దీన్ని తట్టుకోలేక ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలినవాటిని నిలబెట్టడానికి 1997లో కొద్ది పడకలే ఉన్న ఆసుపత్రులకు ప్రత్యేక చెల్లింపులు పెట్టారు. అయినా 2010 తర్వాత మళ్లీ నూటికి పైగా పల్లె ఆసుపత్రులు మూతపడ్డాయి.

1971లో నిక్సన్ సంతకం చేసిన క్యాన్సర్ చట్టంతో పరిశోధనకు డబ్బు పారింది, పెద్ద క్యాన్సర్ కేంద్రాలు వచ్చాయి. దాదాపు అన్నీ యూనివర్సిటీలున్న నగరాల్లోనే. క్యాన్సర్ ఇంతగా ఉన్న కెంటకీలో మొదటి కేంద్రానికి జాతీయ గుర్తింపు దక్కింది 2013లో.

దూరం అంటే ఏమిటో రేడియేషన్ విషయంలో బాగా తెలుస్తుంది. మన దగ్గర కరెంటు పెట్టడం అంటారే, అదే. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వారానికి ఐదు రోజుల చొప్పున ఎనిమిది వారాల దాకా పెట్టేవాళ్లు. ఒక్కో విడతకు పట్టేది నిమిషాలే. రానూపోనూ నాలుగు గంటలు కారు నడపాల్సిన మనిషికి అది రెండు నెలల జీతం పోయినట్టే. ఇప్పుడు విడతలు తగ్గించే పద్ధతి వచ్చింది. అయినా ఒక విడత మానేద్దామా, అసలు వైద్యమే వద్దనుకుందామా అనే టెన్షన్ పల్లెవాళ్లకు ఉన్నంతగా నగరంలో ఉండదు.

మగవాళ్లకు ప్రత్యేకంగా తగిలింది ఇంకొకటుంది. దీని గురించి ఎక్కువగా ఎవరూ మాట్లాడరు. 1990లో అమెరికా ఒక చట్టం చేసి, బీమా లేని పేద ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయించే ఏర్పాటు దేశమంతా పెట్టింది. చాలా మంచి పని. పేద మగవాడికి అలాంటి తలుపు ఏదీ తెరుచుకోలేదు. పేదల బీమా అయిన మెడికేడ్‌లో, పిల్లలు లేని మగవాడు ఎంత పేదవాడైనా, వికలాంగుడు కాకపోతే 2014 వరకు చాలా రాష్ట్రాల్లో చోటే లేదు. 65 దాటి మెడికేర్ వచ్చేదాకా ఆగాలి. యాభై ఐదేళ్ల వయసులో పెద్దపేగులో పెరిగే గడ్డ అంతదాకా ఆగదు.

2014లో, పిల్లలు లేని పేదవాళ్లకు కూడా మెడికేడ్‌లో చోటిచ్చే విస్తరణ మొదలైంది. 2012లోనే సుప్రీంకోర్టు దాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. కెంటకీ మొదటి రోజు నుంచే చేరింది, అక్కడ బీమా లేనివాళ్ల శాతం సగానికి పైగా పడిపోయింది. మిసిసిపీ, అలబామా, టెక్సాస్ ఇప్పటికీ చేరలేదు. పల్లెల్లో పేద నల్లజాతి మగవాళ్లు ఎక్కువమంది ఉన్న రాష్ట్రాలవి. అలబామా మేకన్ కౌంటీలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి మగవాళ్లకు వైద్యం చేయకుండా ప్రభుత్వమే గమనిస్తూ కూర్చుంది. పెనిసిలిన్ వచ్చాక కూడా. ఆ కౌంటీ మనవళ్లను ‘క్యాన్సర్ ఉందేమో ముందే చూసే స్క్రీనింగ్‌కు రండి’ అని పిలిచేటప్పుడు ఇది మరిచిపోకూడదు.

ఈ చరిత్రలో తెలుగువాళ్ల పాత్ర కూడా కొంత ఉంది. అమెరికన్ డాక్టర్లు వెళ్లని కౌంటీల్లో మూడేళ్లు పనిచేస్తే విదేశీ డాక్టర్లు స్వదేశానికి తిరిగి వెళ్లనక్కర్లేదనే వీసా మినహాయింపు 1994లో రాష్ట్రాల చేతికి వచ్చింది. ఉస్మానియా, గుంటూరు, ఆంధ్ర మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లు ఎంతోమంది అమెరికా చిన్న ఊళ్ల దారి పట్టడానికి అదొక కారణం. ఏ కౌంటీ ఆసుపత్రిలోనో ‘డాక్టర్ రెడ్డి’ అనో ‘డాక్టర్ రావు’ అనో బోర్డు కనిపిస్తే అక్కడివాళ్లెవరూ ఇప్పుడు ఆశ్చర్యపోరు.

కావాలనుకుంటే ఈ తేడా తగ్గుతుందని కెంటకీయే చూపించింది. 1999లో అక్కడ పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాల్సిన వయసువాళ్లలో దాదాపు మూడో వంతే చేయించుకున్నారు. అప్పటికి దేశంలో అట్టడుగున ఉన్న రాష్ట్రాల్లో అదొకటి. 2004 నుంచి డాక్టర్లు, ఆరోగ్యశాఖ కలిసి ఊరూరా ప్రచారం చేశారు. పదేళ్లు తిరక్కుండానే 60 శాతం దాటింది, ఆ క్యాన్సర్ చావులు గణనీయంగా తగ్గాయి. బాగా పొగతాగినవాళ్ల ఊపిరితిత్తులకు తక్కువ మోతాదు సీటీ స్కాన్ చేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గుతాయని 2011లో తేలింది. ఆ స్కాన్ చేయించుకోవడంలో కూడా ఇప్పుడు కెంటకీ ముందున్న రాష్ట్రాల్లో ఉంది.

2025 జులై 4న సంతకమైన చట్టం పల్లె ఆరోగ్యానికి ఐదేళ్లలో 5,000 కోట్ల డాలర్ల నిధి పెట్టింది. అదే చట్టం మెడికేడ్‌కు పెద్ద కోత పెట్టింది. ఇంకో కోటి మంది దాకా బీమా కోల్పోతారని పార్లమెంటుకు చెందిన బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. 2027 నుంచి, విస్తరణలో చేరిన పెద్దవాళ్లు నెలకు 80 గంటలు పనిచేస్తున్నట్టో చదువుకుంటున్నట్టో రుజువు చూపాలి. జబ్బున్నవాళ్లకు మినహాయింపు ఉంది. అయితే జబ్బుందని తేలాలంటే ముందు పరీక్ష జరగాలి. పిల్లలు లేక, గని మూతపడి, దొరికిన రోజు కూలికి వెళ్లే యాభై ఏళ్ల మగవాడికి ఆ తలుపు తెరుచుకుని 2027కు పదమూడేళ్లు.