ఏడడుగులు నడిచినా ఇంగ్లండ్‌లో పెళ్లి కానట్టే: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో సొలిసిటర్‌గా (లాయర్‌గా) నేను రోజూ మనవాళ్ల నోట వినే మాటలివి. స్కాట్లాండ్ చట్టం వేరు, ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి.

అపోహ: పంతులుగారు మంత్రాలు చదివారు, తాళి కట్టాం, ఏడడుగులు వేశాం, ఇంకా ఏం కావాలి?

వాస్తవం: హైదరాబాద్‌లో అయితే పెళ్లి చెల్లడానికి ఇంకేమీ అక్కర్లేదు. హిందూ వివాహ చట్టం ప్రకారం ఏడో అడుగుతో పెళ్లి అయిపోయినట్టే, రిజిస్టర్ చేయించకపోయినా చెల్లుతుంది, ఇక్కడి కోర్టులూ ఒప్పుకుంటాయి. అదే తంతు లెస్టర్‌లో హాలు తీసుకుని చేస్తే మాత్రం చట్టం దృష్టిలో అది ఫంక్షనే. ముందు రిజిస్టర్ ఆఫీసులో నోటీసిచ్చి 28 రోజులు ఆగి, చట్టప్రకారం పెళ్లి చేసుకోవాలి. 1998లో సౌతాల్‌లో ఒక రెస్టారెంట్‌లో నిఖా జరిగింది, తర్వాత నలుగురు పిల్లలు పుట్టారు, రిజిస్ట్రేషన్ మాత్రం జరగలేదు. విడిపోయాక ఆ కేసు అప్పీల్ కోర్టు దాకా వెళితే, 2020లో జడ్జిలు అది చెల్లని పెళ్లి (అలాంటిదైతే కోర్టులో ఆస్తి అడగొచ్చు) కూడా కాదు, అసలు పెళ్లే కాదన్నారు. అలాంటి తంతు మాత్రమే జరిగినవాళ్లకి భార్యగా ఆస్తి అడిగే దారి ఉండదన్నమాట. రిజిస్ట్రేషన్ లేని మన గుళ్లలో జరిగే పెళ్లిళ్లకీ ఇదే వర్తిస్తుంది. కొన్ని గుళ్లకి చట్టప్రకారం పెళ్లిళ్లు చేసే రిజిస్ట్రేషన్ ఉంటుంది, అడ్వాన్స్ కట్టే ముందే అడగండి.

అపోహ: పెళ్లి లేకపోయినా ఇన్నేళ్లు కలిసున్నాం, హక్కులొచ్చేస్తాయి.

రావు. ఇరవై ఏళ్లున్నా సరే, విల్లు రాయకుండా ఒకరు పోతే వాళ్ల ఒక్కరి పేరు మీదున్న ఆస్తిలో రెండోవాళ్లకి దానంతటదే ఏమీ రాదు, పోయినవాళ్ల ఆస్తిలో భాగం అడిగే 1975 చట్టం కింద కోర్టుకెళ్లి అడుక్కోవాలి. అసలు పెళ్లయినవాళ్లకే పిల్లలుంటే అంతా రాదు: సామాన్లు, మొదటి 3,22,000 పౌండ్లు, మిగిలినదాంట్లో సగం, అంతే.

అపోహ: డివోర్స్ వచ్చేసింది, ఇక లెక్కలు తేలిపోయినట్టే.

ఇది నమ్మేవాళ్లకి డేల్ విన్స్ సంగతి చెబుతుంటాను. 1992లో విడాకులయ్యేనాటికి ఆయన చేతిలో చిల్లిగవ్వ లేదు, తర్వాత గాలిమరల కరెంటుతో కోట్లు గడించారు. 2011లో మాజీ భార్య డబ్బడిగితే, 2015లో సుప్రీంకోర్టు ఆ కేసు నడవనిమ్మంది, చివరికి 3 లక్షల పౌండ్లకి రాజీ కుదిరింది. ఆన్‌లైన్‌లో డివోర్స్‌కి అప్లై చేసి ఊరుకోకండి, ఇకపై ఒకరినొకరు డబ్బడగకుండా కోర్టు ఇచ్చే క్లీన్ బ్రేక్ ఆర్డర్ కూడా తీసుకోండి.

ఇక వ్యాపారాలవాళ్ల అపోహ: ఏమీ రాసివ్వలేదు కాబట్టి పనివాడికి హక్కుల్లేవు. నోటిమాటా కాంట్రాక్టే. 2020 ఏప్రిల్ 6 నుంచి జీతం, పనిగంటలు, సెలవుల వివరాలు చేరిన రోజే రాసివ్వాలి. అది ఇవ్వకుండా ట్రైబ్యునల్‌లో (ఉద్యోగ తగాదాల కోర్టులో) ఇంకేదైనా కేసు ఓడిపోతే, పైన 2 వారాల జీతం, ఒక్కోసారి 4 వారాలది కట్టిస్తారు. ఉద్యోగంలో పెట్టుకున్నది సొంత బావమరిదినైనా ఇదే రూల్.