ఐసీయూ దాటాక మొదలయ్యే ఆకలి

వెంటిలేటర్ తీసేశారు, వార్డుకి మారుస్తున్నారు అనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. తిండి విషయంలో మాత్రం రోగికి గడ్డుకాలం చాలాసార్లు అప్పుడే మొదలవుతుంది.

మామూలు పస్తుల్లో శరీరం కొవ్వును ఖర్చుపెట్టి, కండను వీలైనంత కాపాడుకుంటుంది. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కి శరీరం అదుపుతప్పి స్పందించి, సొంత అవయవాలనే దెబ్బతీసుకునే స్థితి) లాంటి జబ్బులో ఆ పొదుపు ఉండదు. ఇన్‌ఫ్లమేషన్ (జబ్బుతో పోరాడుతూ ఒంట్లో రగిలే వాపు), ఒత్తిడి హార్మోన్లు, కదలకుండా పడుకోవడం, ఈ మూడూ కలిసి కండను కరిగించేస్తాయి. 2013లో బ్రిటన్ పరిశోధకులు ఐసీయూ రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే, పది రోజుల్లోనే దాని అడ్డుకోత వైశాల్యం సగటున 18 శాతం దాకా తగ్గింది.

మరి గొట్టం ద్వారా దండిగా ప్రోటీన్ ఇస్తే సరిపోదా? అదీ చూశారు. 2023లో వెలువడిన ఒక పెద్ద ట్రయల్‌లో మోతాదు పెంచినా రోగులు త్వరగా డిశ్చార్జ్ కాలేదు. పైగా కిడ్నీలు దెబ్బతిన్నవారికి చెరుపే జరిగినట్టు కనిపించింది. జబ్బు ఉధృతిలో ఉన్నప్పుడు, అందిన ప్రోటీన్‌ను కండగా మార్చుకునే స్థితిలో శరీరం ఉండదు.

ఉధృతి తగ్గాక ఆ శక్తి మెల్లగా తిరిగొస్తుంది. సరిగ్గా అప్పుడే ముక్కులోంచి ఆహారపు గొట్టం తీసేస్తారు. అన్నాళ్లు శ్వాసగొట్టం ఉన్న గొంతు మింగడానికి సహకరించదు. నాలుకకి రుచి తెలియదు. రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. చెంచా ఎత్తబోతే చెయ్యి వణుకుతుంది. భోజనం ట్రే వస్తుంది, కాసేపటికి దాదాపు అలాగే వెనక్కి పోతుంది. 2010లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో, శ్వాసగొట్టం తీసిన తర్వాతి వారంలో నోటితో తిన్నది సగటున ఏ రోజూ అవసరంలో సగం దాటలేదు. యాంటీబయాటిక్ సగమే అందితే ఏ వార్డులోనూ ఊరుకోరు. తిండి సగమే అందితే మాత్రం చాలాచోట్ల ఎవరూ రాసిపెట్టరు. నాకు బాధ కలిగించేది ఇదే.

దీని ప్రభావం ఏళ్ల తరబడి ఉంటుంది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని బతికి బయటపడ్డవారిని కెనడాలో పరిశీలిస్తే, ఐసీయూ వదిలేసరికి వాళ్లు 18 శాతం బరువు కోల్పోయారు. ఏడాదికి ఎక్కువమంది పాత బరువుకి చేరారు. కానీ ఆరు నిమిషాల్లో నడిచిన దూరం, ఆ వయసువారు నడవాల్సినదాంట్లో మూడింట రెండొంతులే. అయిదేళ్లకీ అది పూర్తిగా కోలుకోలేదు. ఇందులో నరాల బలహీనత వంటి కారణాలూ ఉన్నాయి, తప్పంతా తిండిది కాదు. అయినా తిరిగొచ్చిన బరువంతా కండే అనుకోకూడదు. వ్యాయామం లేకుండా తింటే కొవ్వే ఎక్కువగా చేరుతుంది.

అందుకే డిశ్చార్జ్ తర్వాత బరువుతో పాటు, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవగలుగుతున్నారా అని కూడా చూడాలి. తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు, ప్రతిసారీ ప్రోటీన్ ఉండేలా పెట్టాలి. దాంతోపాటు ఫిజియోథెరపీ సాగాలి. తిండి చాలకపోతే గొట్టం ఇంకొన్నాళ్లు ఉంచుతారా అని డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.