కౌంటీ ఫెయిర్‌కు వెళ్లే స్టీర్ల మేత, బరువు: అపోహలు - వాస్తవాలు

అమెరికా మధ్య రాష్ట్రాల్లో జులై, ఆగస్టు నెలలు కౌంటీ ఫెయిర్ల కాలం. ఫోర్-హెచ్, ఎఫ్‌ఎఫ్‌ఏ అనే యువజన సంఘాల పిల్లలు నెలల తరబడి మేపిన స్టీర్లు (విత్తుకొట్టిన కోడెలు) అక్కడ మొదట తూకానికి, తర్వాత జడ్జి ముందుకు, ఆఖరున వేలానికి వెళ్తాయి. ఫెయిర్ దగ్గరపడే కొద్దీ పిల్లలకూ తల్లిదండ్రులకూ కంగారు మొదలవుతుంది. చుట్టుపక్కల వాళ్లు తలో సలహా ఇస్తారు. ఆ సలహాల్లో పశువుకు హాని చేసేవి చాలానే ఉంటాయి. తెలుగు ఇళ్ల నుంచి మొదటిసారి ఈ ప్రాజెక్టులోకి వచ్చే పిల్లల కోసం వాటిని ఇక్కడ విడివిడిగా చూద్దాం.

అపోహ: చివరి రెండు నెలలు గట్టిగా మేపితే బరువు అదే వస్తుంది.

రాదు. ఫెయిర్ రోజు ఉండాల్సిన బరువు దూడను ఇంటికి తెచ్చిన రోజే లెక్కలోకి రావాలి. నవంబరు 1న 600 పౌండ్ల (సుమారు 272 కిలోల) దూడ వచ్చిందనుకుందాం. ఫెయిర్ ఆగస్టు 1న. మధ్యలో 273 రోజులు. అప్పటికి 1,350 పౌండ్లు ఉండాలంటే పెరగాల్సింది 750 పౌండ్లు, అంటే రోజుకు 2.75 పౌండ్లు. మంచి జాతి దూడకు ఇది హాయిగా అందే లెక్క.

అదే స్టీర్ జూన్ మొదట్లో 1,000 పౌండ్ల దగ్గరే ఉండి, 60 రోజుల్లో 1,250 కావాలంటే రోజుకు నాలుగు పౌండ్లు దాటాలి. బాగా తినే స్టీరు కూడా 3 నుంచి 3.5 పౌండ్ల దగ్గర ఆగిపోతుంది. అప్పుడు దాణా కుమ్మరించినా ఫలితం ఉండదు, జబ్బు తెచ్చుకోవడం తప్ప. ఫెయిర్ పెట్టిన కనీస బరువు దాటేలా ఉంటే తేలిక బరువు తరగతిలో నిలబెట్టండి, లేదా ఆ తర్వాత జరిగే మరో ప్రదర్శన చూసుకోండి.

నెలకోసారి తూకం వేయండి. ఎప్పుడూ అదే కాటా మీద, ఉదయం దాణా పెట్టకముందు. కడుపులో మేత, నీరు ఎంతున్నాయన్నదాన్ని బట్టి ఒక్క రోజులోనే 30 నుంచి 50 పౌండ్లు అటూ ఇటూ అవుతుంది. సాయంత్రం తూచిన అంకెను పొద్దున తూచినదానితో పోలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది. కాటా అందుబాటులో లేకపోతే టేపుతో కొలవచ్చు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని దాన్ని అదే అంకెతో గుణించాలి. దాన్ని భుజం కొన నుంచి పిరుదు ఎముక కొన దాకా ఉన్న పొడవుతో గుణించి 300తో భాగిస్తే పౌండ్లు వస్తాయి. చుట్టు 78, పొడవు 64 అయితే సుమారు 1,298. ఇది కాటా అంత కచ్చితం కాదు కానీ, నెలనెలా పెరుగుదల ఎలా ఉందో తెలుసుకోవడానికి సరిపోతుంది.

అపోహ: ఎంత బరువుంటే అంత పెద్ద బహుమతి.

స్టీర్లను బరువును బట్టి తరగతులుగా విడదీస్తారు కాబట్టి 1,250 పౌండ్లది 1,400 పౌండ్లదానితో పోటీ పడదు. జడ్జి చూసేది కండ, నడక, కొవ్వు పట్టిన తీరు. చివరి పక్కటెముకల మీద తోలు కింద దాదాపు 0.4 అంగుళం కొవ్వు ఉంటే చాలామంది సరైన స్థాయి అంటారు. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) లెక్కలో ఆ మందానికి ప్రాథమిక ఈల్డ్ గ్రేడ్ (మాంసం దిగుబడి స్థాయి) 3.0. అక్కడి నుంచి ప్రతి 0.1 అంగుళానికీ పావు గ్రేడు చొప్పున పెరుగుతుంది, అంటే అమ్ముడయ్యే మాంసం వాటా తగ్గుతూ వస్తుంది.

చేత్తోనే తెలుసుకోవచ్చు. పక్కటెముకల మీద వేళ్లు పెట్టి నొక్కండి. ఎముకలు గట్టిగా విడివిడిగా తగిలితే ఇంకా కొవ్వు పట్టలేదు. మెత్తగా ఉండి, కొంచెం నొక్కితేనే ఎముక తగిలితే సరిపోయినట్టు. ఎంత నొక్కినా ఎముక దొరక్కపోయినా, తోక మొదట్లో గడ్డల్లా కొవ్వు పేరుకున్నా, ఎదురురొమ్ము నిండి వేలాడుతున్నా మితిమీరినట్టే. చిన్న చట్రం ఉన్న దూడ 1,200 పౌండ్లకే ఈ స్థాయికి వస్తుంది, పెద్ద చట్రం దూడకు 1,400 పట్టవచ్చు. అందుకే పక్కింటి స్టీరు బరువు మీ స్టీరుకు కొలమానం కాదు.

అపోహ: నెమరువేసే పశువుకు ఎంత దాణా అయినా అరుగుతుంది.

స్టీర్లు ఎక్కువగా జబ్బు పడేది ఈ నమ్మకం వల్లే. కాస్త వివరంగా చూడాలి.

మొక్కజొన్నలోని పిండిపదార్థం మొదటి పొట్టలో సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. అలవాటు లేకుండా ఒక్కసారిగా ఎక్కువ గింజ పడితే లాక్టిక్ ఆమ్లం తయారుచేసే జీవులు విజృంభిస్తాయి. పొట్టలో పీహెచ్ (ఇది తగ్గే కొద్దీ ఆమ్లం పెరిగినట్టు) 5.6 కంటే దిగితే తిండి తగ్గుతుంది, 5 దగ్గరికొస్తే పొట్ట కదలిక ఆగిపోతుంది, ప్రాణానికే ముప్పు. దీన్నే అసిడోసిస్ అంటారు. గింజను ఎంత మెత్తగా పిండి చేస్తే అంత వేగంగా పులుస్తుంది కాబట్టి, నలగ్గొట్టినదో రోలర్‌లో పగలగొట్టినదో వాడాలి తప్ప పిండి చేసినది వద్దు.

కొత్తగా వచ్చిన 600 పౌండ్ల దూడకు మొదటి నాలుగైదు రోజులు గడ్డిజాతి ఎండుగడ్డి తిన్నంత పెట్టి, దాణా 3-4 పౌండ్లకు మించకుండా ఇవ్వండి. తర్వాత రెండు మూడు రోజులకోసారి అర పౌండు చొప్పున పెంచుకుంటూ పోవాలి. 1,000 పౌండ్లకు వచ్చేసరికి రోజుకు 20 పౌండ్ల దాణా, 4-5 పౌండ్ల ఎండుగడ్డి తింటుంది. మొత్తం కలిపి శరీర బరువులో 2 నుంచి 2.5 శాతం. రోజుకు రెండు పూటలు, గడియారం చూసి అదే సమయానికి. పెట్టిన దాణా అరగంటలో తొట్టిలో అయిపోతుంటే పెంచవచ్చు. మిగిలితే తీసేసి, తర్వాతి పూట పావు వంతు తగ్గించాలి. రకం మార్చాలన్నా, బ్రాండ్ మార్చాలన్నా పాతదాంట్లో కొత్తది కలుపుతూ 10 నుంచి 14 రోజులు తీసుకోండి.

దాణాను డబ్బాతో కొలవకండి, తూచండి. ఒక బుషెల్ (గింజల్ని పరిమాణంతో కొలిచే కొలత) మొక్కజొన్న 56 పౌండ్లు, అదే బుషెల్ ఓట్స్ 32 పౌండ్లే. అదే డబ్బాతో ఓట్స్ నుంచి మొక్కజొన్నకు మారితే పశువు దాదాపు ముప్పావు వంతు ఎక్కువ తింటుంది. ఆ సంగతి మీకు తెలియను కూడా తెలియదు. ఇంకో మాట: పిల్లలు ఒక పూట పెట్టడం మర్చిపోతే ఆ పూట పోయినట్టే. మర్నాడు రెండు పూటలది కలిపి పెట్టకూడదు.

నిన్న తొట్టి నాకేసిన స్టీరు ఇవాళ సగం వదిలేసిందంటే వెంటనే పేడ చూడండి. బూడిదరంగులో పల్చగా, నురగతో, బుడగలతో పడుతుంటే గింజ ఎక్కువైంది. కడుపును కాళ్లతో తన్నుకోవడం, నిలబడటానికి ఇబ్బంది పడటం కూడా దీని గుర్తులే. దాణా ఆపేసి పొడవైన ఎండుగడ్డి, నీళ్లు మాత్రమే ఉంచండి. తేరుకున్నాక సగం దాణాతో మొదలుపెట్టి వారం, పది రోజుల్లో పాత కొలతకు రండి. ఎడమ డొక్క ఉబ్బి గట్టిపడితే అది కడుపుబ్బరం, నిమిషాల లెక్క. వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి. స్టీరు తాడు తెంచుకుని దాణా గదిలో పడి తినేస్తే, చూడటానికి బాగానే ఉన్నా వైద్యుడికి ఫోన్ చేయండి, ఎందుకంటే లక్షణాలు బయటపడటానికి సగం రోజు పట్టవచ్చు. ఒకసారి గట్టిగా ఈ దెబ్బ తగిలిన స్టీరుకు వారాల తర్వాత గిట్టలు పాడై, రింగులో కుంటుతుంది.

అపోహ: తినే సోడా కలిపితే ఏ భయమూ లేదు.

సోడా ఆమ్లాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే. దాణాలో ఒక శాతం లోపు కలపడమో, విడిగా పెట్టె పెట్టడమో తప్పు కాదు. కానీ అసలు రక్షణ నెమరు, నెమరుతో ఊరే లాలాజలం. దానికి పొడవైన గడ్డి కావాలి.

అపోహ: పొట్ట వేలాడకుండా ఉండాలంటే ఎండుగడ్డి మానేయాలి.

చివరి రెండు వారాల్లో గడ్డి కొద్దిగా తగ్గించి నడుము దగ్గర సన్నంగా కనిపించేలా చేయడం పాత పద్ధతే, దాంట్లో తప్పు లేదు. కానీ సున్నాకు తేకూడదు. మొత్తం మేతలో కనీసం 10-15 శాతం పీచు మేత ఉండాలి, రోజుకు 3 పౌండ్ల ఎండుగడ్డి తప్పనిసరి. గడ్డి మానేసిన స్టీరుకే ఫెయిర్ షెడ్డులో కడుపుబ్బరం వచ్చేది. తూకం, జడ్జింగ్ రెండూ ఉన్న వారంలో పశువైద్యుడి చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అపోహ: ప్రొటీన్ పెంచితే కండ పెరుగుతుంది.

దూడ 600-700 పౌండ్లు ఉన్నప్పుడు 13-14 శాతం ప్రొటీన్ కావాలి. 1,000 దాటాక 11-12 శాతం చాలు. అంతకు మించినది మూత్రంలో పోతుంది, సంచీ ధర మాత్రం పెరుగుతుంది. కండ ఎంత రావాలన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేది. అది నిండుగా కనిపించడానికి కావాల్సింది శక్తినిచ్చే మేత, రోజూ నడిపించడం.

అపోహ: ఊళ్లో ఎద్దులకు పెట్టినట్టే పెడితే చాలు.

ఒంగోలు గిత్తను బండలాగుడుకు తయారుచేసిన ఇంటి పెద్దవాళ్లు ఉలవ గుగ్గిళ్లు, నానబెట్టిన పత్తిగింజలు గుర్తు చేసుకుంటారు. అవి మంచి మేతలే. కానీ ఆ ఎద్దు లాగుతుంది, దున్నుతుంది, తిన్నది పనిలో ఖర్చు చేస్తుంది, దాని కడుపు నిండేది ప్రధానంగా చొప్పతో, వరిగడ్డితో. స్టీరు నిలబడి తింటుంది, దాని మేతలో ఎక్కువ వంతు గింజే. ఎండ విషయంలోనూ ఇంతే తేడా. ఒంగోలు జాతి వేడిని ఓర్చుకుంటుంది. అమెరికన్ బ్రాహ్మన్ జాతిలో మన నెల్లూరు, అంటే ఒంగోలు రక్తం కలిసింది, అందుకే దక్షిణ రాష్ట్రాల వేడిలో అది నిలబడుతుంది. ఆంగస్, హియర్‌ఫర్డ్, సిమెంటల్ సంకరాలకు ఆ ఓర్పు లేదు.

మేత పొట్టలో పులిసేటప్పుడు పుట్టే వేడి తిన్న 4-6 గంటలకు ఎక్కువవుతుంది. ఉదయం 9కి దాణా పెడితే ఆ వేడి, మిట్టమధ్యాహ్నపు ఎండ ఒకేసారి పశువు మీద పడతాయి. వేసవిలో ఉదయం 6 లోపు మూడో వంతు, సాయంత్రం చల్లబడ్డాక మిగతా రెండు వంతులు పెట్టండి. పగలు నీడలో ఫ్యాన్ కింద కట్టేయండి.

అపోహ: బరువు ఎక్కువైతే పస్తు పెట్టి తగ్గించవచ్చు.

గరిష్ఠ బరువు 1,375 అని నిబంధన ఉంది, ఇంకా 60 రోజులుండగానే స్టీరు 1,300కు వచ్చేసింది అనుకోండి. రోజుకు 1.25 పౌండ్లకు మించి పెరగకూడదు. అప్పుడు మొక్కజొన్నలో కొంత తీసి, దాని స్థానంలో నానబెట్టిన బీట్ పల్ప్ (చక్కెర తీశాక మిగిలే బీట్ పిప్పి), సోయా పొట్టు, ఓట్స్, ఇంకొంచెం ఎండుగడ్డి ఇవ్వాలి. కడుపు నిండుతుంది, శక్తి తగ్గుతుంది, పెరుగుదల నెమ్మదిస్తుంది. ఈ మార్పు కూడా పది రోజులు తీసుకునే చేయాలి. పస్తు పెడితే ముందు పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ నిండుదనం, వెంట్రుకల మెరుపు, పశువు శాంతం కూడా. మళ్లీ దాణా పెట్టగానే ఆకలి మీద గబగబా మింగి అసిడోసిస్ తెచ్చుకుంటుంది. మే నెలలోనే తూకం చూసుకున్నవాళ్లకు ఈ అవస్థ రాదు.

అపోహ: తూకానికి ముందు నీళ్లు ఆపితే తగ్గుతుంది, గొట్టంతో పోస్తే పెరుగుతుంది.

1,000 పౌండ్ల స్టీరు చలికాలంలో రోజుకు 9 గ్యాలన్లు తాగితే, 90 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో 20 గ్యాలన్లు, అంటే 75 లీటర్లు తాగుతుంది. అలాంటి రోజున నీళ్లు ఆపడం క్రూరత్వం. వడదెబ్బకు పడిపోతుంది. గొట్టంతో బలవంతంగా నీళ్లు పోయడాన్ని చాలా ఫెయిర్లు నిషేధించాయి. గొట్టం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే పశువు చచ్చిపోతుంది.

ప్రయాణంలో 3 నుంచి 5 శాతం బరువు సహజంగానే పడిపోతుంది. 1,300 పౌండ్లకు అది 39 నుంచి 65 పౌండ్లు. కనీస బరువుకు అంచున ఉన్న స్టీరు అక్కడే తప్పిపోతుంది, కాబట్టి ఇంటి దగ్గరే ఆ మేరకు ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. బయలుదేరే రోజు దాణా మూడో వంతు తగ్గించి ఎండుగడ్డి ఎక్కువ పెట్టండి. దిగగానే ముందు నీళ్లు, గడ్డి, ఆ తర్వాతే దాణా. ఇంటి దాణా, ఇంటి గడ్డి, ఇంటి బకెట్లు వెంట తీసుకెళ్లండి.

చాలామంది పట్టించుకోనిది నీటి రుచి. ఫెయిర్ కుళాయిలో క్లోరిన్ వాసన ఉంటే బావినీటికి అలవాటైన స్టీరు మూతి పెట్టదు. రెండు వారాల ముందు నుంచే బకెట్‌లో నీళ్లు అలవాటు చేసి, అందులో కొంచెం మొలాసిస్ (చెరకు మడ్డి) కలపండి. అక్కడా అదే కలిపితే తేడా తెలియక తాగుతుంది. పెద్ద తొట్టిలో తప్ప తాగని స్టీరు బకెట్ చూసి బెదురుతుంది, అది కూడా ఇంటి దగ్గరే నేర్పాలి.

అపోహ: పశువుల దాణాయే కదా, మేకకూ గొర్రెకూ గుర్రానికీ పెట్టవచ్చు.

పశువుల మినరల్ (ఖనిజ లవణాల) మిశ్రమంలోని రాగి గొర్రెను చంపుతుంది. దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రానికి ప్రాణాంతకం. ఒకే షెడ్డులో అన్నీ ఉంటే సంచుల మీద పెద్ద అక్షరాలతో రాసి వేరువేరుగా ఉంచండి.

అపోహ: ఫెయిర్ ముందు ఏదో ఒక మందు పెడితే కండ వచ్చేస్తుంది, ఫెయిర్ అయ్యాక ఇంటికి తెచ్చుకోవచ్చు.

రాక్టోపమైన్ (ఆప్టాఫ్లెక్స్ పేరుతో అమ్మేది) వధకు ముందు చివరి 28 నుంచి 42 రోజులు దాణాలో ఇవ్వడానికి అనుమతి ఉన్న మందు. లేబుల్ మీద ఉన్న మోతాదు దాటడం చట్టవిరుద్ధం. దాణాలో కలిపే మందుల మోతాదు మార్చే అధికారం పశువైద్యుడికి కూడా లేదు. కొన్ని ఫెయిర్లు, కొందరు కొనుగోలుదారులు దాన్ని అసలే ఒప్పుకోరు, కాబట్టి సంచీ కొనే ముందు ఫెయిర్ నియమాల పుస్తకం చదవండి.

చాలా కౌంటీల్లో మార్కెట్ స్టీరు వేలం తర్వాత నేరుగా కబేళాకు వెళ్తుంది. ఈ సంగతి బిడ్డకు ఫెయిర్ రోజున కాదు, దూడను తెచ్చుకునే ముందే చెప్పాలి. అందుకు ఒప్పుకోని ఇంట్లో పెయ్యల విభాగంలో చేరవచ్చు, ఆ పశువు ఇంటికే తిరిగి వస్తుంది. స్టీరే అయితే మందుల గడువును (మందు ఇచ్చాక వధకు ముందు ఆగాల్సిన రోజుల్ని) వధ తేదీ నుంచి వెనక్కి లెక్కించాలి. నులిపురుగులకు వీపు మీద పోసే ఐవర్‌మెక్టిన్‌కు గడువు 48 రోజులు, ఇంజక్షన్‌కు 35. వధ ఆగస్టు 5న అయితే వీపు మీద పోసే మందుకు జూన్ 18 ఆఖరు తేదీ. నులిపురుగుల పని మే నెలలోనే ముగించి, మందు పేరు, మోతాదు, తేదీ, ఎవరు ఇచ్చారన్నది ఒక కాగితం మీద రాసి షెడ్డు తలుపు లోపల అంటించండి. కొన్నిచోట్ల వేలం పత్రం మీద సంతకం చేసేటప్పుడు అవే వివరాలు అడుగుతారు.